సముద్రపు అడుగునేల: పుట్టుక, నడక, లయము

(మైలవరమున గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశములో ప్రచార అధికారి యొకరు చేసిన ఉపన్యాసము)



మైలవరమునకును సముద్రమునకును ఏమి సంబంధమని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. ఇచ్చటినుండి బందరు చేరవలెనన్న రోడ్డుదారిన సుమారు నూరు కిలోమీటర్లు పోవలెను. మన చుట్టునున్నవి కొండలు, మామిడితోటలు, చెరువులు. మనము ఎరిగిన నీటి ఉపద్రవము బుడమేరు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఆ యేరు గండ్లుపడి విజయవాడ పేటలను ముంచిన సంగతి ఇంకను మీ కన్నుల యెదుట మెదలుచునే యున్నది. అట్టి మెట్టసీమలో సముద్రగర్భమును గూర్చి ఉపన్యసించుట ఏల? దానికి కారణము మీలోని ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న.

ఒక ప్రశ్న, ఒక జ్ఞాపకము

గత సమావేశము ముగిసిన పిమ్మట ఒక వార్డు సభ్యురాలు నన్ను ఆపి ఇట్లు అడిగినది: "అయ్యా, మా చిన్నపిల్లను బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరికి ఇచ్చామండి. కార్తీక పున్నమికి మా వీధివాళ్లందరం అక్కడికే స్నానాలకు పోతాం. ఆ ఏడు సముద్రం అట్లా ఎందుకు లేచిందండి? మళ్లీ లేస్తుందా?"

"సముద్రము క్రింద భూకంపము వచ్చుటచే లేచినదమ్మా" అని నేను చెప్పితిని.

"ఆ భూకంపం అక్కడే ఎందుకు వచ్చిందండి?" అని ఆమె మరల అడిగినది.

నాయొద్ద సమాధానము లేకపోయెను. ఇరువది యేండ్లుగా ప్రభుత్వము చెప్పుమన్న మాటలు ఊరూర చెప్పుచున్నవాడను. ఈ ఒక్క ప్రశ్నకు నోరు మెదపలేకపోతిని. సిగ్గుపడితిని. సిగ్గు కంటె మించినది మరియొకటి కలదు. ఆ సంవత్సరము, ఆ దినమున, నేను ఆ ఒడ్డునకు పోవుచుంటిని.

2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము, మార్గశిర పూర్ణిమ. మా అమ్మకు సముద్రస్నానపు మ్రొక్కు ఉండెను. ఆమెను వెంటబెట్టుకొని తెల్లవారుజామున మంగినపూడికి బయలుదేరితిని. బందరు బస్టాండు వద్ద ఆమె కొబ్బరికాయల బేరము ఆడుచు అరగంట ఆలస్యము చేసినది. నేను విసుగుకొంటిని. మేము ఆటోలో సముద్రపు దారి పట్టి కొంతదూరము పోవునప్పటికి జనము ఎదురుగా పరుగెత్తి వచ్చుచుండిరి. తడిబట్టలతో స్త్రీలు, చెప్పులు లేని పిల్లలు. "నీళ్లు లేచినయ్యి" అను మాట తప్ప ఎవరి నోటను మరియొక మాట లేదు. మేము తెలివిచే బ్రతుకలేదు. కొబ్బరికాయ బేరముచే బ్రతికితిమి. ఆనాడు ఆంధ్రప్రదేశ్ తీరమున నూటికి పైగా మనుష్యులు మరణించిరి. వారిలో పున్నమి స్నానమునకు వచ్చినవారును కలరు.

కావున ఈ విషయమును నేను చదివితిని, తెలిసినవారిని అడిగితిని. నేను గ్రహించినంతవరకు మీకు చెప్పుదును.

భూమి చిప్పలు

మనము నిలుచున్న ఈ నేల ఏకఖండము కాదు. భూగోళముయొక్క పైభాగము పగిలిన పెంకువలె పెక్కు ముక్కలుగా నున్నది. వీనిని శాస్త్రజ్ఞులు ఫలకములందురు. పెద్దవి ఏడు; చిన్నవి అనేకములు. ఒక్కొక్క ఫలకము సుమారు నూరు కిలోమీటర్ల మందము కలది. ఫలకముపై ఖండములు ఉండవచ్చును, సముద్రపు అడుగునేల ఉండవచ్చును, రెండును కలిసి ఉండవచ్చును. మన భారతదేశమును, దానితో కూడ బంగాళాఖాతపు అడుగునేలయు ఒకే ఫలకముపై నున్నవి.

ఖండపు నేలకును సముద్రపు నేలకును ఒక ముఖ్యమైన భేదము కలదు. ఖండముల క్రింది పైపొర ముప్పది నలువది కిలోమీటర్ల మందముండి తేలికయైన శిలలతో నిండియుండును. సముద్రముల క్రింది పైపొర ఏడు కిలోమీటర్లే మందముండును. కాని దాని శిల బరువైనది. ఖండములు మునుగవు, సముద్రపు నేల మునుగగలదు. నేడు చెప్పబోవు కథ యంతయు ఈ ఒక్క భేదమునుండి పుట్టినదే.

నేల పుట్టు చోటు

సముద్రముల నడుమ నీటి క్రింద ఒక పర్వతశ్రేణి కలదు. ఒక మహాసముద్రమునుండి మరియొక మహాసముద్రములోనికి సాగుచు భూగోళమును చుట్టియున్న ఆ శ్రేణి మొత్తము పొడవు సుమారు 65,000 కిలోమీటర్లు. హిమాలయముల పొడవు 2,400 కిలోమీటర్లే యని తలచినచో అది ఎంతటిదో తెలియును. మన హిందూ మహాసముద్రమునను దాని శాఖలు మూడు కలవు. అరేబియా సముద్రమువైపున నున్న దానిని కార్ల్స్‌బర్గ్ శ్రేణి యందురు.

ఆ శ్రేణి నడినెత్తిన ఒక చీలిక యుండును. చీలికకు ఇరువైపులనున్న ఫలకములు మెల్లగా ఎడమగుచుండును. ఎడమైనచోట, లోపలనున్న వేడిశిల పైకి వచ్చును. భూగర్భపు శిల గట్టిదే గాని మిక్కిలి వేడిమిచే మైనమువలె మెల్లగా కదలుచుండును. లోతున నున్నంతకాలము పైబరువు దానిని కరుగనీయదు. పైకి వచ్చినకొలది బరువు తగ్గి, కొంతభాగము కరగి ద్రవమగును. ఆ ద్రవము చీలికలో నిండి, చన్నీటికి తగిలి, దిండ్లవలె ఉబ్బిన నల్లరాయిగా గడ్డకట్టును. అదియే క్రొత్త సముద్రపు నేల. మరుసటి చీలిక దాని నడుమనే పడును; సగము ఒకవైపునకు, సగము మరియొకవైపునకు జరుగును. ఆ సందున మరల క్రొత్తరాయి నిండును.

ఈ నడక ఎంత వేగమైనది? సంవత్సరమునకు కొలది సెంటీమీటర్లు. మన చేతిగోరు పెరుగు వేగముతో సమానమని చెప్పవచ్చును. సంవత్సరమునకు అయిదు సెంటీమీటర్లనుకొందము. శాతవాహనుల కాలమునుండి గడచిన రెండువేల యేండ్లలో నూరు మీటర్లు. ఇది స్వల్పమే. కాని ఒక కోటి సంవత్సరములకు 500 కిలోమీటర్లు. భూమి వయస్సు 450 కోట్ల సంవత్సరములకు పైబడినది. ఆమెకు తొందర లేదు.

సముద్రములోని అడంగలు

నీటి క్రింద కిలోమీటర్ల లోతున జరుగు ఈ సంగతి మనుష్యులకు ఎట్లు తెలిసినది?

1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఖండములు ఒకప్పుడు కలిసియుండి తరువాత విడిపోయినవని చెప్పెను. ఖండములను కదల్చు శక్తి ఏదో ఆయన చూపలేకపోయినందున పెద్దలు నమ్మలేదు. తరువాత నౌకలు సముద్రపు లోతులను ధ్వనితో కొలువసాగినవి. అమెరికాలో మేరీ థార్ప్ అను ఆమె ఆ కొలతలను పటముగా గీయుచు, అట్లాంటిక్ సముద్రమధ్యపు పర్వతశ్రేణి నడుమ లోతైన చీలిక యున్నదని కనిపెట్టినది. ఆ దినములలో పరిశోధన నౌకలపై స్త్రీలకు ప్రవేశము లేకుండెను. ఇతరులు తెచ్చిన అంకెలతో ఆమె బల్లయొద్ద కూర్చుండియే సముద్రగర్భమును చూచినది. మొదట ఆమె మాటను ఆడువారి కబురని త్రోసివేసిన సహోద్యోగియే తుదకు ఒప్పుకొనెను. ఇచ్చటనున్న మహిళా సభ్యులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. 1962లో హారీ హెస్ అను ఆచార్యుడు, ఆ చీలికలయందే క్రొత్త నేల పుట్టి రెండువైపులకు పోవుచున్నదని వ్రాసెను.

దానికి సాక్ష్యము మన సముద్రమునుండియే వచ్చినది. కరగిన రాయి గడ్డకట్టునప్పుడు అందలి ఇనుపరేణువులు దిక్సూచి ముల్లువలె అప్పటి ఉత్తరదిక్కును చూపుచు నిలిచిపోవును. భూమియొక్క అయస్కాంతపు ఉత్తరము లక్షల సంవత్సరములకు ఒకమారు దక్షిణమై, మరల ఉత్తరమగుచుండును. కావున క్రొత్తగా పుట్టిన నేలపై ఒక చార సూటిగాను, ఒక చార తలక్రిందుగాను ఏర్పడును. 1963లో ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు కార్ల్స్‌బర్గ్ శ్రేణిపై తీసిన కొలతలను పరిశీలించి ఈ చారల అర్థమును లోకమునకు తెలిపిరి. శ్రేణికి కుడివైపున ఎట్టి చారలో, ఎడమవైపునను అట్టివే చారలు. మన గ్రామములలో ఏ సర్వే నంబరు ఎప్పుడు ఎవరి సాగులో నున్నదో అడంగలులో చూచునట్లు, ఏ నేల ఎప్పుడు పుట్టినదో ఈ చారలలో చూడవచ్చును. ఈ అడంగలును దిద్దినవారు ఎవ్వరును లేరు.

సముద్రశోధనలో తెలుగువారికిని పాలు కలదు. 1950ల దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్, అచ్చటివారితో కలిసి మన తూర్పుతీరపు సముద్రమును పరిశోధించెను. మన తీరముననున్న సముద్రగర్భ లోయలలో ఒకదానికి ఆంధ్ర అనియు, మరియొకదానికి ఆ పరిషత్తులోని భూగర్భశాస్త్ర ఆచార్యులైన సి. మహదేవన్‌గారి పేరును నిలిచినవి.

మన బంగాళాఖాతము పుట్టుక

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. బంగాళాఖాతము అనాదిగా నున్నది కాదు. ఒకప్పుడు భారతదేశము, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా కలిసి ఒకే మహాఖండముగా నుండెను. దానికి గోండ్వానా యని పేరు. ఈ పేరు మన పొరుగున మధ్యభారతమున నున్న గోండుల సీమనుబట్టి వచ్చినదే. మన తూర్పు కనుమల శిలలకు సోదరులవంటి శిలలు నేటికిని తూర్పు అంటార్కిటికాలో మంచు క్రింద కలవు.

సుమారు 13 కోట్ల సంవత్సరములకు పూర్వము ఈ మహాఖండము మన తూర్పుతీరపు గీటున చీలినది. చీలికలో క్రొత్త సముద్రపు నేల పుట్టుచు పోయినది. అంటార్కిటికా దక్షిణమునకును, భారతదేశము ఉత్తరమునకును ఎడమైనవి. ఆ నడిమి నేలయే నేటి బంగాళాఖాతపు అడుగు. చీలికనాడు తీరమున ఏర్పడిన పల్లములలో కోట్ల సంవత్సరములుగా ఇసుక, ఒండ్రు నిండినవి. అదియే కృష్ణా గోదావరీ పరీవాహక భూగర్భము. నేడు అచ్చట దొరకు చమురు, సహజవాయువు ఆ ప్రాచీన ఒండ్రులో నిలువచేయబడిన ధనమే. 2006లో ఒక పరిశోధన నౌక మన తీరమున వేయి మీటర్ల నీటి క్రింద త్రవ్వి, మంచుగడ్డ రూపమున నున్న వాయునిక్షేపమును గూడ కనుగొన్నది.

భారతదేశము ఉత్తరమునకు పయనించి సుమారు 5 కోట్ల సంవత్సరములకు పూర్వము ఆసియాను ఢీకొనినది. రెండును ఖండములే; రెండును తేలికయైనవే; ఏదియు పూర్తిగా మునుగలేదు. నేల ముడుతలుపడి హిమాలయములు లేచినవి. ఆ కొండలను గంగా బ్రహ్మపుత్రలు కోసి తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతపు అడుగున మూడువేల కిలోమీటర్ల పొడవున పరచుకొనియున్నది. భూమిపై ఇంత పెద్ద ఒండ్రుమేట మరియొకటి లేదు. మన కృష్ణయు తన పాలు తాను ఇచ్చినది. మన పయనము ఇంకను ఆగలేదు. నేటికిని భారతదేశము సంవత్సరమునకు సుమారు అయిదు సెంటీమీటర్లు ఈశాన్యదిశగా కదలుచునే యున్నది. ఈ సమావేశము జరుగుచున్న భవనమును, మీరును, నేనును కూడ.

నేల లయించు చోటు

ఇచ్చట తెలివైన సభ్యులు ఒక ప్రశ్న వేయవలెను. అన్ని సముద్రములలోను క్రొత్తనేల పుట్టుచునే యుండినచో భూమి ఉబ్బిపోవలెను గదా? ఉబ్బుట లేదు. పంచాయతీ లెక్కలలో జమ యున్నచోట ఖర్చును ఉండవలెను. ఒకచోట పుట్టినంత నేల మరియొకచోట లయించుచున్నది.

క్రొత్తగా పుట్టిన నేల వేడిగా, తేలికగా నుండును. శ్రేణినుండి దూరమైనకొలది చల్లారి, మందమై, బరువెక్కి, క్రుంగును. కోట్ల సంవత్సరములు గడచునప్పటికి తన క్రిందనున్న వేడిశిలకంటెను బరువగును. అప్పుడు మరియొక ఫలకము ఎదురైనచో దాని క్రిందికి దూరి భూగర్భములోనికి వాలుగా దిగిపోవును. దిగుచోట సముద్రములో లోతైన అగాధము ఏర్పడును. పసిఫిక్ సముద్రములోని మరియానా అగాధము దాదాపు పదునొకండు కిలోమీటర్ల లోతు కలది. ఖండములపై 400 కోట్ల సంవత్సరముల శిలలు దొరకుచుండగా, మహాసముద్రముల అడుగున 20 కోట్ల సంవత్సరములకు మించిన నేల దాదాపుగా దొరకదు. పాతది పాతదిగా లోపలికి పోవుటయే దానికి కారణము.

మన బంగాళాఖాతపు నేల లయించు చోటు తూర్పున అండమాను నికోబారు దీవుల ప్రక్కను, సుమత్రా ద్వీపపు ప్రక్కను కలదు. అచ్చట మన ఫలకము బర్మా, సుందా సీమల క్రిందికి దిగుచున్నది. దిగునప్పుడు పైనున్న ఒండ్రు, రాళ్లలో కొంతభాగము కోడుకొనిపోయి పోగుపడును. అండమాను దీవులలో చాలభాగము అట్లు గీకబడిన సముద్రపు నేలయే. ఆ దీవులలో మన తెలుగువారు పెక్కుమంది కాపురముండుట మీరెరుగుదురు. వారి ఇండ్ల క్రిందనున్న రాయి ఒకప్పుడు సముద్రపు అడుగు.

దిగిన నేల తనతోకూడ నీటిని కొనిపోవును. పొడి బెల్లపుగడ్డను బాణలిలో వేసినచో కరుగుట కష్టము. కొంచెము నీరు చల్లినచో తక్కువ సెగకే పాకమగును. భూగర్భమునను అంతియే. నీరు తగిలిన వేడిశిల సులభముగా కరగి పైకి తన్నుకొనివచ్చి అగ్నిపర్వతమగును. అండమాను సముద్రములోని బారెన్ దీవి అట్టిది. మన దేశమున మండుచున్న అగ్నిపర్వతము అదియొక్కటే. నూటయేబది యేండ్లకు పైగా నిద్రించి అది 1991లో మేలుకొన్నది. ఈ విధముగా లోనికి పోయిన దానిలో కొంత మరల పైకి వచ్చి క్రొత్తకొండలగుచున్నది. భూమాత దేనిని పారవేయదు.

కొండపల్లి కొండ చెప్పు సాక్ష్యము

ఇదియంతయు దూరదేశపు మాట యని తలపవలదు. మీరు విజయవాడకు పోవునప్పుడెల్ల చూచు కొండపల్లి కొండలను జ్ఞాపకము చేసికొనుడు. అచ్చటి బొమ్మలు లోకప్రసిద్ధములు, కోటయు ప్రసిద్ధమే. కాని ఆ కొండల రాయి శాస్త్రజ్ఞులలో అంతకంటె ప్రసిద్ధమని కొలదిమందికే తెలియును. నల్లని, తెల్లని పొరలుగా నున్న ఆ శిలలు, ఒకప్పుడు అచ్చట త్రవ్వి తీసిన క్రోమైటు ఖనిజము, భూగర్భమున శిలాద్రవము నిలిచిన ఒక పెద్ద తొట్టిలో మెల్లగా పేరుకొన్నవి. వాని వయస్సు సుమారు 160 కోట్ల సంవత్సరములు. ఇటీవలి పరిశోధనలు చేసినవారి అభిప్రాయమున, ఆనాడు ఈ సీమ అంచున ఒక సముద్రపు నేల ఖండము క్రిందికి దిగుచుండెను. నేడు సుమత్రా క్రింద జరుగుచున్నదే ఆనాడు ఇచ్చట జరిగినది. ఆ సముద్రము పేరు తెలియదు. దాని చేపలు లేవు, నౌకలు లేవు. దాని గురుతు ఆ కొండ. కనిగిరి ప్రాంతమున నూరు కోట్ల సంవత్సరములు దాటిన సముద్రపు నేల ముక్కలే దొరకినవని గూడ పరిశోధకులు వ్రాసిరి.

మెట్టసీమవారికి సముద్రముతో పనిలేదనుకొంటిమి. మన కొండలే ఒక పాత సముద్రపు సంతానము.

2004 డిసెంబరు 26

ఇప్పుడు ఆ సోదరి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును.

మన ఫలకము సుమత్రా క్రిందికి దిగునప్పుడు నూనె రాచినట్లు జారదు. రెండు ఫలకములు ఒరసికొని పట్టుకొనిపోవును. క్రింది ఫలకము దిగుచునే యుండును. అది పై ఫలకపు అంచును తనతోకూడ వంచుచు లాగుకొనిపోవును. వందల సంవత్సరములు ఇట్లు వంగిన వెదురుబద్ద ఒకనాడు పట్టు తప్పి పైకి ఎగయును. 2004 డిసెంబరు 26 ఉదయము 6 గంటల 29 నిమిషములకు అదియే జరిగినది. సుమత్రానుండి అండమానుల వరకు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పట్టు తప్పినది. భూకంపపు తీవ్రత 9.1. సముద్రపు అడుగు కొన్ని మీటర్లు ఎగసి, పైనున్న నీటినంతను ఎత్తివేసినది. ఆ నీరు అలలై నలుదిక్కుల పరుగెత్తినది. లోతైన సముద్రమున సునామీ గంటకు 600 కిలోమీటర్లకు పైగా వేగముతో పోవును. అచ్చట దాని ఎత్తు స్వల్పము, నౌకలోనివారికి తెలియనే తెలియదు. ఒడ్డు చేరి లోతు తగ్గినకొలది వేగము తగ్గి ఎత్తు పెరుగును. ఆ ఒక్క దినమున పదునాలుగు దేశములలో రెండు లక్షలకు పైగా ప్రజలు మరణించిరి.

గమనింపుడు. భూమి కదలినది ఆరున్నరకు. అల మన తీరము చేరినది రెండు గంటలు దాటిన తరువాత. రెండు గంటలలో ఒక ఊరు మొత్తము నడచి దూరముగా పోవచ్చును. మా అమ్మ కొబ్బరికాయల బేరము ఆడుచున్నప్పుడు ఆ అల నడిసముద్రములో నుండెను. సమయమున్నది, తెలియుటయే లేకపోయెను. అప్పటికి హిందూ మహాసముద్రమునకు సునామీ హెచ్చరిక వ్యవస్థయే లేదు.

ఇప్పుడు కలదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రమున 2007 అక్టోబరునుండి సునామీ హెచ్చరిక కేంద్రము రేయింబవళ్లు పనిచేయుచున్నది. భూకంపమాపకములు, సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలుచు యంత్రములు, తీరమున నీటిమట్టమును చూపు సాధనములు దానికి కన్నులు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పడమటి సముద్రమున 8.6 తీవ్రతతో భూకంపము వచ్చినది. మన తీరపు పట్టణములలోను జనము ఇండ్లనుండి వెలుపలికి వచ్చిరి. జాగ్రత్త సూచనలు వెలువడినవి; కొన్ని గంటలకు ఉపసంహరింపబడినవి. ఆనాడు ఫలకము పైకి లేవక ప్రక్కకు జరిగినందున పెద్ద అల పుట్టలేదు. హెచ్చరిక వచ్చి ఆపద రాకపోయినచో నవ్వుకొనవలదు. దొంగ రాలేదని ఊరి కావలివానిని తప్పుపట్టుదుమా?

మరల లేచునా? లేవవచ్చును. ఫలకములు ఆగలేదు గనుక ఎప్పుడో యొకనాడు లేచును. ఏ నాడో ముందుగా చెప్పగలవారు లోకమున లేరు, చెప్పుచున్నామనువారిని నమ్మవలదు. కాని మన కృష్ణాతీరము ఫలకముల అంచు కాదు. ఇచ్చట ఖండమును సముద్రపు నేలయు ఒకే ఫలకమున అతుకబడియున్నవి. ఇచ్చట ఏదియు క్రిందికి దిగుట లేదు. సముద్రము ఒకనాడు మైలవరమును మ్రింగునని ఫోనులలో తిరుగు మాటలకు ఆధారము లేదు. మనకు వచ్చు సునామీ వేయి కిలోమీటర్లకు పైగా దూరమునుండి రావలెను. ఆ దూరమే మనకు దేవుడిచ్చిన గడువు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేరు. అది తుఫాను గాలి తోసిన నీరు. సముద్రపు నేలకు దానితో సంబంధము లేదు. తుఫానుకు దినములు ముందుగా హెచ్చరిక వచ్చును, సునామీకి గంటలే. తీరము కోతకు గురియగుట మరియొక విషయము. నదుల ఒండ్రు పైనున్న జలాశయములలో నిలిచిపోవుటయు దానికి ఒక కారణము. ఈ మూడింటిని కలిపి భయపడుటకంటె వేరువేరుగా తెలిసికొని సిద్ధపడుట మేలు.

మన పంచాయతీలు చేయవలసినది

సముద్రపు ఒడ్డున నున్న బెస్తవారికి దాని గుణము తెలియును. ప్రమాదము తెలియనివారు మనమే. కార్తిక పూర్ణిమకు మంగినపూడికిని, మాఘపూర్ణిమకు హంసలదీవికిని మన సీమనుండి బస్సులు, ట్రాక్టర్లు నిండుగా పోవును. ఒడ్డున గుంపుగూడు వేలమందిలో సముద్రమును సంవత్సరమునకు ఒకమారు చూచువారే ఎక్కువ. కావున మీరు ఈ పనులు చేయవలెనని మనవి.

ఒకటి. పండుగకు పోవు ప్రతి బండిలో ఒకరిని బాధ్యులుగా నియమింపుడు. వారియొద్ద పనిచేయు ఫోను ఉండవలెను. అధికారుల హెచ్చరికను వినుట, అందరికిని చెప్పుట వారి పని. ఆపదలో 112 నంబరును పిలువవచ్చును.

రెండు. ఈ మూడు గురుతులను బడిపిల్లలకు సైతము నేర్పుడు. ఒడ్డున నున్నప్పుడు భూమి బలముగా లేక చాలసేపు కదలుట. సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయి అడుగు బయటపడుట. సముద్రమునుండి రైలుబండి వంటి హోరు వినబడుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక వెంటనే లోతట్టునకు, ఎత్తయిన చోటికి పోవలెను. నీరు వెనుకకు పోయినప్పుడు గవ్వలు, చేపలు ఏరుటకు దిగరాదు.

మూడు. మొదటి అల పోగానే తిరిగి రారాదు. సునామీ ఒక అల కాదు, అలల వరుస. రెండవది, మూడవది మొదటిదానికంటె పెద్దవి కావచ్చును. అధికారులు చెప్పువరకు దూరముగానే ఉండవలెను.

నాలుగు. వదంతిని ఆపుడు. ఫోనులో వచ్చిన మాటను గ్రామ సచివాలయములో విచారింపక గ్రామమున చాటింపరాదు.

ఐదు. తీరగ్రామములలో బంధువులున్నవారు వారి పంచాయతీలను సాధన చేయుమని ప్రోత్సహింపుడు. మన పొరుగున ఒడిశాలో వెంకట్రాయిపూర్, నోలియాసాహీ అను రెండు చిన్న గ్రామములు సునామీకి సిద్ధముగా నున్న గ్రామములని 2020లో యునెస్కో గుర్తింపు పొందినవి. పరుగెత్తు దారిని ముందుగా గుర్తించుట, పటము గీసి పెట్టుట, అందరును కలిసి నడచి చూచుట, ఇవియే వారు చేసిన పనులలో ముఖ్యమైనవి. వీనికి ధనముకంటె పూనిక ఎక్కువగా కావలెను.

సోదర సోదరీమణులారా! సముద్రగర్భమున నేల పుట్టుటను మనము ఆపలేము. అది లయించుటను ఆపలేము. ఆ నడక ఆగినచో భూమి చల్లారిన ముద్ద యగును. కొండలు లేవవు, ఖనిజములు పైకి రావు. మనలను పోషించునదియు, ఒక్కొక్కనాడు బాధించునదియు ఆ నడకయే. మనచేతిలో నున్నది ఆ రెండు గంటలు మాత్రమే. 2004లో అవి వ్యర్థమైనవి. ఇకమీద వ్యర్థము కాకూడదు.

ఆ ప్రశ్న నడిగిన సోదరి ఇచ్చటనే ముందు వరుసలో కూర్చుండియున్నది. అమ్మా, మీ అమ్మాయి అత్తవారింటికి నిర్భయముగా వెళ్లిరండు, పున్నమినాడు స్నానము చేయుడు. కాని నీటిలో దిగుటకు ముందు, పరుగెత్తవలసి వచ్చినచో దారి ఎటో ఒక్కమారు వెనుకకు తిరిగి చూచుకొనుడు. మా అమ్మ ఇప్పటికిని ప్రతి యేట మంగినపూడికి పోవుచునే యున్నది. కొబ్బరికాయల బేరము ఇంకను ఆడుచునే యున్నది. నేను మాత్రము ఇప్పుడు విసుగుకొనను. దారి చూచి యుంచుదును.